రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ గాబరా ఏమిటి?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు, సంతోషం.

మా సైకియాట్రీ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీ, మెడ ఎక్స్‌రే. గుండె దడ అని ఒక డాక్టరు దగ్గరికి, కడుపులో తిప్పుతోందని ఇంకొకరి దగ్గరికి తిరిగి, చివరికి ఎవరో పంపితే మనసొప్పక మా దగ్గరికి వస్తారు. కూర్చోగానే "నాకు పిచ్చి లేదండీ" అంటారు. నిజమే, లేదు. ఉన్నది జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే ఏదో ఒకదాని మీద ఆగకుండా సాగే గాబరా. అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో 1980లోనే దీన్ని విడి జబ్బుగా చేర్చారు.

పరీక్షలో, పెళ్లో, అప్పో ఉంటే ఎవరికైనా టెన్షనే. ఆ పని గట్టెక్కితే టెన్షనూ పోతుంది. ఈ జబ్బులో పోదు. అమ్మాయి సీటు గొడవ తీరితే నాన్న బీపీ, అది తీరితే ఇంటి లోను. కనీసం 6 నెలలుగా, ఎక్కువ రోజులు, రకరకాల విషయాల మీద ఆపుకోలేని ఆలోచన. దానికి తోడు నిద్ర పట్టకపోవడం, ఒళ్లు బిగుసుకోవడం, ఊరికే అలసిపోవడం, చిరాకు, ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం. ఈ 6 లక్షణాల్లో పెద్దవాళ్లకి కనీసం 3 ఉండి, రోజువారీ పనులు దెబ్బతింటుంటే అప్పుడు జబ్బు అంటాం. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు ఆ పరీక్ష చేయిస్తాం.

ఒకావిడ సంగతి చెబుతాను. ఆనవాళ్లు మార్చాను లెండి. కొడుకు రాత్రి తొమ్మిదికి బండి మీద ఆఫీసు నుంచి బయల్దేరతాడు. తొమ్మిదింపావుకల్లా "ఎక్కడున్నావు నాన్నా?" అని ఫోన్. ఎత్తితే పది నిమిషాలు ప్రశాంతం. ఎత్తకపోతే వాడి ఫ్రెండ్‌కి ఫోన్. పాపం, అమ్మ కుదుటపడుతుందని వాడు లైవ్ లొకేషన్ పెట్టాడు. దాంతో ఇంకా ముదిరింది. సిగ్నల్ దగ్గర చుక్క ఆగిందంటే చాలు, ఆవిడకి యాక్సిడెంట్ జరిగిపోయినట్టే.

ఎందుకు ముదిరిందంటే, ఫోన్ చేసిన ప్రతిసారీ "నేను కనుక్కున్నాను కాబట్టే వాడు క్షేమం" అని మనసులో పాతుకుపోతుంది. కనుక్కోకపోయినా వాడు ఇంటికొస్తాడన్న అనుభవం దానికి అందనే అందదు. అందుకే ముందు లొకేషన్ తీసేయించాం. తర్వాత రాత్రికి ఒకటే ఫోన్, ఆ తర్వాత అదీ లేదు. వాడు బయల్దేరేటప్పుడు ఏం జరుగుతుందని భయమో ఆవిడ ఒక నోటుబుక్కులో రాయాలి, వచ్చాక జరిగింది పక్కన రాయాలి. ఇది సీబీటీ అనే చికిత్సలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సలో, ఒక భాగం. మొదటి వారం నన్ను బాగానే తిట్టుకుంది. "పిల్లల గురించి ఆలోచించని తల్లి తల్లేనా?" అని అడిగింది కూడా. మన ఇళ్లలో బెంగ పడటాన్ని ప్రేమ కింద లెక్కేస్తాం. ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి అదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "టెన్షన్ పడకు" అంటే తగ్గదు. అడిగిన ప్రతిసారీ "ఏం కాదు, ఏం కాదు" అన్నా తగ్గదు. "ఈ మాట నిన్నే మాట్లాడుకున్నాం కదా, రేపు సాయంత్రం ఆరింటికి మళ్లీ చూద్దాం" అనండి. ఆలోచనలకి రోజూ ఒక అరగంట కేటాయించి, మిగతా వేళల్లో వచ్చినవాటిని దానికి వాయిదా వేయడం చాలామందికి పనిచేస్తుంది. పడుకునే ముందు మాత్రం వద్దు. కాఫీ తగ్గించండి, రోజూ నడవండి. ఇది మీకు తెలిసిందే.

మందుల విషయం కాస్త వివరంగా చెప్పాలి. ఈ జబ్బుకి రోజూ వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందులు పనిచేయడం మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, కొంచెం ఎక్కువ గాబరా ఉండొచ్చు. చాలామంది సరిగ్గా అక్కడే మానేస్తారు. ఆల్ప్రజోలమ్ అనే మత్తు కలిగించే మాత్ర అలా కాదు, గంటలోపే హాయి. చిక్కంతా ఆ హాయితోనే. కొన్ని వారాలకే అలవాటు పడిపోతారు, ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా చీటీ లేకుండా మందుల షాపులో తెచ్చుకుని వాడుతుంటే, ఈ రోజే ఆపించేయకండి. డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించాలి.

హాస్పిటల్‌కి రావడానికి మొహమాటమైతే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి ఏ వేళకైనా చేయొచ్చు.

ఇక మీరు అడగండి. అందరి ముందూ వద్దనుకుంటే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.