ఊరి నేల, ఊరివాళ్ల ఓటు

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక ఊళ్లో ఏ నేలను దేనికి వాడాలన్నది ముందే కాగితం మీద గీసి పెట్టుకుంటారు. ఇక్కడ ఇళ్లు, అక్కడ పరిశ్రమలు, ఇది పార్కు, అది సాగు భూమి. దాన్నే మాస్టర్ ప్లాన్ అంటున్నాం. గీసింది గీసినట్టు ఉండదు. కొన్నాళ్లకు ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టుకుంటారు, ఈ పొలాన్ని నివాస ప్రాంతంగా మార్చండి అని. మార్చాలా వద్దా అని తేల్చాల్సింది ఎవరు? ఎన్నికైన కౌన్సిలా, ప్లానింగ్ అధికారులా, లేక అక్కడ బతికే జనమే నేరుగా ఓటు వేసి తేల్చాలా? ఈ పూట ఆ విషయమే మాట్లాడతాను.

ఇప్పుడు మామూలుగా జరిగేది ఏమిటో ముందు చూద్దాం. పేపర్లో, లోపలి పేజీలో, ఒక మూల చిన్న అక్షరాలతో ప్రకటన వస్తుంది. సర్వే నంబర్లు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు. ఫలానా జోన్ నుంచి ఫలానా జోన్‌కు మార్చదలిచాం, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపండి అని ఉంటుంది. ఆ సర్వే నంబరు తన ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉన్న స్థలానిదేనని, ఆ ప్రకటన చదివినవాళ్లకు కూడా తట్టదు. జేసీబీ వచ్చి పునాది తవ్వుతున్నప్పుడు తెలుస్తుంది. అప్పటికి గడువు అయిపోయి చాలా రోజులవుతుంది. జనం నేరుగా ఓటు అడగడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. తమను అడిగారన్న నమ్మకం వాళ్లకు లేదు.

దీని వెనక డబ్బు సంగతి కూడా ఉంది. ప్లాను కాగితం మీద ఆ నేలకు వేసిన రంగు, అంటే దాని జోన్, మారితే చాలు, అదే మట్టి, అదే ఎకరం, ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదల యజమాని చెమటోడ్చి సంపాదించింది కాదు, ఊరు ఇచ్చిన అనుమతి వల్ల వచ్చింది. స్విట్జర్లాండ్ ఓటర్లు 2013 మార్చిలో దీని మీద దేశవ్యాప్తంగా ఓటు వేశారు. అవసరానికి మించి ఇళ్ల స్థలాలుగా గుర్తించిన భూమిని తగ్గించాలని, పొలం ఇళ్ల స్థలంగా మారినప్పుడు పెరిగిన విలువలో కనీసం 20 శాతం ప్రభుత్వానికి రావాలని చెప్పే చట్టాన్ని సుమారు 63 శాతం మంది ఆమోదించారు. భూమి విషయాలు మామూలు జనానికి అర్థం కావని అనేవాళ్లు ఈ ఒక్క ఓటునైనా గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలోనూ పెద్ద ఉదాహరణే ఉంది. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలనుకున్నారు. అక్కడి డోంగ్రియా కొంధ్ గిరిజనులకు ఆ కొండే దేవుడు, నియమరాజు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఆ కొండ మీద తమకున్న హక్కులేమిటో గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్ 18న కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వానాకాలంలోనే పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. కోర్టు చెప్పిన ప్రకారం జిల్లా జడ్జి పరిశీలకుడిగా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు ఒక్కొక్కరే లేచి, జడ్జి ఎదుట, పోలీసుల ఎదుట, తమ భాషలో తాము చెప్పదలచుకున్నది చెప్పారు. పన్నెండుకి పన్నెండు సభలూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

ఈ కథను మనం గెలుపుగానే చెప్పుకుంటాం, గెలుపే. కానీ అందులో ఒక ముఖ్యమైన పేచీ ఉంది. ఆ కొండ చుట్టూ ఉన్నవి వందకు పైగా ఊళ్లు. సభలు పెట్టింది పన్నెండింటిలో. ఆ పన్నెండిటినీ ఎంచింది రాష్ట్ర ప్రభుత్వం. కేంద్ర గిరిజన శాఖ అప్పుడే దాన్ని తప్పుబట్టింది. ఫలితం ఒకే మాటగా వచ్చింది కాబట్టి గొడవ సద్దుమణిగింది. ఏడు ఊళ్లు అటు, అయిదు ఊళ్లు ఇటు అయి ఉంటే? ఎవరికి ఓటుందో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో, ఫలితం సగం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు రెండో వైపు చెప్పాలి, ఇది నన్ను నిజంగా కలవరపెట్టే వైపు. అమెరికాలో కాలిఫోర్నియా ఓటర్లు 1950లో తమ రాష్ట్ర రాజ్యాంగంలో 34వ అధికరణం చేర్చుకున్నారు. పేదలకు తక్కువ అద్దెతో ప్రభుత్వ ఇళ్లు కట్టాలంటే ముందు ఆ ఊరి ఓటర్లు మెజారిటీతో ఒప్పుకోవాలి. ఖరీదైన ఇళ్లకు ఈ పరీక్ష లేదు, పేదల ఇళ్లకే. 1971లో అమెరికా సుప్రీం కోర్టు కూడా అది చెల్లుతుందనే చెప్పింది. ఓటు వేసేది ఇప్పటికే ఇల్లున్నవాళ్లు. ఇల్లు కావలసినవాళ్లలో చాలామంది ఇంకా ఆ ఊరికి రానేలేదు, వాళ్లకు ఓటెక్కడిది? మా పక్కన వాళ్లు వద్దు అనే మాటను బ్యాలెట్ పేపరు మీద రాస్తే అది ప్రజాస్వామ్యంలాగే కనిపిస్తుంది. నా లెక్కలో అది అన్యాయమే.

అదే దేశంలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్‌లేక్ అనే చిన్న పట్నం. ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ తన ఎనిమిది ఎకరాల్లో బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని దరఖాస్తు పెట్టింది. అది ఇంకా పెండింగులో ఉండగానే పట్నం తన నిబంధనలు మార్చుకుంది. భూ వినియోగం మారాలంటే కౌన్సిల్ ఒప్పుకుంటే చాలదు, ఓటర్లలో 55 శాతం మంది కూడా ఒప్పుకోవాలి. కౌన్సిల్ సరే అంది, జనం కాదన్నారు. 1976లో సుప్రీం కోర్టు జనం పక్షాన తీర్పు చెప్పింది. ఆ కోర్టు జడ్జిల్లో ఒకరైన జస్టిస్ స్టీవెన్స్ మాత్రం ఒప్పుకోలేదు. ఒక్కడి స్థలం గురించిన దరఖాస్తును ఊరంతా ఓటు వేసి తేల్చడం న్యాయమైన విచారణ అనిపించుకోదన్నది ఆయన వాదన సారాంశం. నేను ఆయన వైపే ఉన్నాను. ఒక మనిషి తన స్థలంలో ఏం కట్టుకోవాలన్నది పక్కింటివాళ్ల ఇష్టాయిష్టాలతో తేలకూడదు. అక్కడ రూలు ఉండాలి, అందరికీ ఒకే రూలు ఉండాలి. సెట్‌బ్యాక్, అంటే కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ ఎంత, ఎత్తు ఎంత, పార్కింగ్ ఎంత, డ్రైనేజీ ఎటు. అవి పాటిస్తే అనుమతి రావాలి, లేకపోతే రాకూడదు.

అందుకే నేను గీసుకునే హద్దు ఇది. ఊరి దిశనే మార్చే పెద్ద నిర్ణయాలకు నేరుగా ఓటు ఉండాలి. ఊరందరి ఆస్తి అయిన మైదానం, చెరువు శిఖం, ఊరు చుట్టూ ఉన్న పచ్చటి పొలాలు, ఇవి ఒకసారి పోతే మళ్లీ రావు. కాలిఫోర్నియాలోనే వెంచురా కౌంటీ దీనికి మంచి దారి చూపించింది. పట్నాల చుట్టూ ఒక గీత గీసుకున్నారు. గీత లోపల కట్టడాల సంగతి కౌన్సిల్ చూసుకుంటుంది. గీత అవతల ఉన్న సాగు భూమిని మరో పనికి మార్చాలంటే మాత్రం ఓటర్లు ఒప్పుకోవాలి. 1990ల్లో మొదలైన ఈ ఏర్పాటును 2016లో మళ్లీ ఓటు వేసి 2050 దాకా పొడిగించుకున్నారు.

సరే, పెద్ద విషయాలకే ఓటు పెట్టినా చిక్కులు పోవు. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ అనే పాత విమానాశ్రయం 2008లో మూతపడింది. నగరం నడిబొడ్డున దాదాపు 300 హెక్టార్ల ఖాళీ మైదానం. అంచుల్లో 4,700 దాకా ఇళ్లు కడతామని ప్రభుత్వం అంది. 2014 మే 25న జరిగిన రెఫరెండంలో 64 శాతం మంది ఒక్క ఇల్లూ వద్దన్నారు. ఇవాళ రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు, గాలిపటాలు ఎగరేస్తున్నారు. నగరంలో అద్దెలు మాత్రం మండిపోయాయి, కనీసం అంచుల్లోనైనా కట్టనివ్వాలనే చర్చ మళ్లీ లేచింది. ఆ రోజు ఓటర్లు తప్పు చేశారని నేను అనను. ప్రభుత్వ హామీల మీద, అంచులతో ఆగుతారన్న మాట మీద చాలామందికి నమ్మకం లేకపోయింది. నమ్మకం లేనప్పుడు జనం చేతిలో మిగిలేది కాదు అనే మాటే. అవును, కాదు అని రెండే గడులున్న కాగితం మీద, ఇన్ని ఇళ్లు, ఇంత అద్దెకు, ఇంత మైదానం మిగిల్చి కట్టండి అని చెప్పడానికి చోటు లేదు.

కాబట్టి ఓటు కంటే ముందు జరిగే పని మీద పట్టుబట్టాలి. ప్రశ్న ఎవరు రాస్తున్నారు? దరఖాస్తు పెట్టినవాళ్లకూ, వ్యతిరేకించేవాళ్లకూ దాని మీద మాట ఉండాలి. మార్చబోయే స్థలం దగ్గరే, దారిన పోయేవాళ్లకు కనిపించేంత పెద్ద బోర్డు మీద మ్యాపు పెట్టాలి. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, మురుగు ఎటు పోతుంది, ట్రాఫిక్ ఎంత పెరుగుతుంది, ధర పెరుగుదలలో ఊరికి ఎంత వస్తుంది, ఇవన్నీ మామూలు మాటల్లో నెలల ముందే ఇంటింటికీ చేరాలి. ప్రచారానికి ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారో బయటపెట్టాలి. పోలింగు మామూలు ఎన్నికలతో పాటే జరగాలి. విడిగా ఒక రోజు పెడితే తీరిక ఉన్నవాళ్లే వస్తారు, కూలిపనికి వెళ్లేవాళ్లు రాలేరు.

ఇక ఓటరు జాబితా. ఆస్తి ఉన్నవాళ్లకే ఓటు అంటే ఇదంతా వృథా. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే అద్దె ఇంట్లో ఉన్నవాళ్లూ తడుస్తారు, బస్తీ ఖాళీ చేయమంటే ముందు వెళ్లాల్సింది వాళ్లే. పట్టా లేని గుడిసెలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లూ ఆ ఊరివాళ్లే. ప్లాను మారితే ఎవరి ఇల్లు పోతుందో వాళ్లకు ఓటు ఒక్కటే చాలదు, మెజారిటీ ఏమన్నా సరే, ప్రత్యామ్నాయ ఇల్లు చేతికి వచ్చేదాకా కదిలించకూడదని చట్టంలో ముందే రాసి ఉండాలి. పోలింగు తేదీ ప్రకటించడం ఆ తర్వాతి సంగతి.

సెలవు. నమస్కారం.