కడప కలిసింది, నంద్యాల ఆగింది: రాయలసీమలో సి.ఎస్.ఐ. సంఘం కథ

(తెరపై: కడప పట్టణం, ఆదివారం ఉదయం, సి.ఎస్.ఐ. మందిరంలోకి వెళ్తున్న కుటుంబాలు)

కడపలో గాని అనంతపురంలో గాని సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే దక్షిణ ఇండియా సంఘం) మందిరంలో ఆరాధనను శ్రద్ధగా గమనించేవారికి ఒకే గంటలో రెండు అలవాట్లు కనిపిస్తాయి. పుస్తకంలో అచ్చయిన ప్రార్థనను సంఘమంతా ఒక్క గొంతుతో చదువుతుంది. కాసేపటికి అయ్యగారు ఆ పుస్తకం మూసి, అప్పటికప్పుడు తోచిన మాటలతో ప్రార్థిస్తారు. మొదటిది ఆంగ్లికన్ల, అంటే బిషప్పుల పాలనలో నడిచే ఇంగ్లండు సంఘం వారి ఆనవాయితీ, రెండవది లండన్ మిషన్ వారిది. ఒకప్పుడు వేర్వేరుగా బతికిన ఈ రెండు వర్గాలు ఒకే పైకప్పు కిందికి ఎలా వచ్చాయో ఈ వీడియోలో చూద్దాం.

(తెరపై: పాత కడప, కర్నూలు జిల్లాల పటం)

లండన్ మిషన్, అంటే లండన్ మిషనరీ సొసైటీ, 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు దాని కేంద్రాలయ్యాయి. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషన్ నాటిదే. దీనికి పక్కనే, ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతాలలో ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. అప్పట్లో కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లెలో ఆర్కాట్ మిషన్ అమెరికన్లు ఉండేవారు. ఒక పల్లె ఏ సంప్రదాయంలో ప్రార్థించాలన్నది చాలావరకు ఆ పల్లెకు ముందుగా ఏ మిషన్ చేరిందన్న దానిమీదే ఆధారపడింది. మాదిగ, మాల కుటుంబాలు ఊళ్లకు ఊళ్లుగా క్రైస్తవంలోకి వచ్చినప్పుడు, ఇంగ్లండులో ఎన్నడో పుట్టిన తగాదాలు కూడా వారి వెంట వచ్చాయి. ఆ తగాదాలలో వారి ప్రమేయం ఏమాత్రం లేదు.

1908లో లండన్ మిషన్ సంఘాలు, ప్రెస్బిటీరియన్ సంఘాలు (బిషప్పులు లేకుండా సంఘ పెద్దల సభలు నడిపేవి) కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డాయి. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్ఫైమందికి పైగా సంఘ నాయకులు, ఎక్కువమంది భారతీయులే, సమావేశమై ఆంగ్లికన్లతో కూడా ఏకం కావాలని ప్రకటించారు. ఆ ప్రయత్నానికి ముందు నిలిచినవారిలో దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య ఒకరు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. అంత కాలం పట్టడానికి ముఖ్య కారణం ఒక్కటే: బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని బోధకుడు ప్రభు బల్ల (ప్రభు భోజన సంస్కారం) వద్ద నిలిచి రొట్టె విరవవచ్చునా? విరవవచ్చునన్నది లండన్ మిషన్ సంఘాలలో తరతరాల మాట, ఆంగ్లికన్లకు మింగుడుపడని మాట. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం ఉన్న బోధకులెవరికీ మళ్లీ అభిషేకం అక్కర్లేదు, ఇకపై అభిషేకాలన్నీ బిషప్పుల ద్వారానే జరుగుతాయి. మనస్సాక్షికి విరుద్ధమైన పరిచర్యను ఏ సంఘం మీదా రుద్దరాదని మాట కూడా ఇచ్చారు.

(తెరపై: మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్)

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఆవిర్భవించింది. ఐక్య సంఘంతో పాటు దక్షిణాదిలోని నాలుగు ఆంగ్లికన్ డయాసిస్‌లు (ఒక్కో బిషప్ పరిధిలోని ప్రాంతాలు), మెథడిస్టులు ఒకటయ్యారు. అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

కడప, అనంతపురం సంఘాలు కలిశాయి. నంద్యాల ఆంగ్లికన్లలో వేలాదిమంది కలవలేదు. వారు ఉన్నది మరెక్కడో కాదు, అజరయ్య గారి దోర్నకల్ డయాసిస్‌లోనే. వీరిని మొండివారని తేల్చేయడం సులభమే గాని, నా దృష్టిలో అది న్యాయం కాదు. బిషప్ అభిషేకం లేని సంస్కారం చెల్లదని తరాలపాటు నేర్పి, ఒక సెప్టెంబరు ఉదయాన చెల్లుతుందని చెబితే, నేర్చుకున్నవారు నిలదీయడంలో వింత లేదు. వారు కలకత్తా మెట్రోపాలిటన్ (బిషప్పులపై పెద్ద బిషప్) కింద ఆంగ్లికన్లుగానే కొనసాగారు. 1963లో నంద్యాల ఒక డయాసిస్ అయింది.

ఇటు 1950లో అనంతపురం-కర్నూలు, కడప డయాసిస్‌లను కలిపి రాయలసీమ డయాసిస్ చేశారు. దాని బిషప్ హోస్పేట సుమిత్ర 1954లో సి.ఎస్.ఐ. మోడరేటర్ (సంఘమంతటికీ అధిపతి) అయ్యారు. అదే 1950లో వచ్చిన కొత్త ఆరాధన క్రమం ఈ కలయికను చేతులతో చూపింది. ప్రభు భోజనానికి ముందు ‘సమాధానం’ ఇచ్చే ఘట్టంలో ఇద్దరు కుడి అరచేతులు ఆనించి, ఎడమ చేతిని ఎదుటివారి కుడిచేతిపై మూస్తారు. అలా అందుకున్నవారు పక్కవారికి అందిస్తారు. ఈ పద్ధతి ఇంగ్లండుదీ కాదు, అమెరికాదీ కాదు, కేరళ సిరియన్ క్రైస్తవుల నుండి తెచ్చుకున్నది. ఎవరి పుస్తకం గెలవాలన్న పేచీకి ఇంతకన్నా తెలివైన పరిష్కారం దొరకదు.

(తెరపై: నంద్యాల హోలీ క్రాస్ కతీడ్రల్)

గత శతాబ్దపు డెబ్బయ్యవ దశకంలో నంద్యాల కూడా సి.ఎస్.ఐ.లో చేరింది, అయితే రాయలసీమ డయాసిస్‌లో కరిగిపోకుండా తన డయాసిస్‌ను విడిగా నిలుపుకుంది. కర్నూలులోని తెలుగు బాప్టిస్టులు మాత్రం ఈ ఐక్యతలో చేరలేదు. విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకున్నవారికే బాప్తిస్మం అన్నది వారి మూలసూత్రం, సి.ఎస్.ఐ.లో పసిబిడ్డలకు కూడా బాప్తిస్మం ఇస్తారు.