కొరత మెగావాట్లదా, గంటలదా?

అందరికీ నమస్కారం. కరెంటు కొరత మీద, ఇంధన వనరుల మీద మాట్లాడమన్నారు. నేను ప్రొఫెసర్ని కాను. సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరి, ఫోన్లు ఎత్తీ ఎత్తీ రిటైరైనవాణ్ణి. కాబట్టి ఆ ఫోన్ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

1990ల చివర్లో మెదక్ జిల్లాలో ఓ 33/11 కేవీ సబ్‌స్టేషన్. పైనుంచి ఫోన్ వచ్చేది: "లోడ్ రిలీఫ్, రెండు ఫీడర్లు తీసెయ్." ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు మోసుకుపోయే లైను. దాని పెద్ద స్విచ్, అదే బ్రేకర్, తీసి లాగ్‌బుక్‌లో టైమ్ రాసేవాణ్ణి. ఐదు నిమిషాల్లో ఇంకో ఫోన్, ఈసారి ఊళ్లోంచి: "సారూ, కరెంటెప్పుడొస్తది?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి!

కరెంటు సెకనుకు 50 సార్లు ఊగాలి, దాన్నే ఫ్రీక్వెన్సీ అంటాం. అప్పట్లో 48 చిల్లరకు పడిపోయేది. బండి మీద బరువు పెరిగితే ఎడ్ల నడక మందగించినట్టు, లోడ్ ఎక్కువైతే జనరేటర్లూ నెమ్మదిస్తాయి. అలాగే తోలితే ఎడ్లు కూలబడతాయి. అందుకని కొన్ని బస్తాలు దించాలి. ఎవరి బస్తాలు ముందు దించేవాళ్లమో వేరే చెప్పాలా? పల్లెవే.

వ్యవసాయానికి రెండు విడతల్లో ఇచ్చేవాళ్లం, పగలు కొంత, రాత్రి కొంత. రాత్రి రెండింటికి కరెంటంటే రైతు టార్చిలైటు పట్టుకుని బావికాడికి పోవాలి. పాము కరిచినవాళ్లున్నారు, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినవాళ్లున్నారు. ఆ బాధ పడలేకే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, మనిషి ఇంట్లోనే పడుకోవచ్చు. నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ నేను బ్రేకర్ వేసిన క్షణాన ఫీడర్ మీది మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అయిదు హెచ్‌పీ మోటార్లను ఓ అయిదింటిని మోస్తుంది. దాని కింద తొమ్మిదో పదో ఉండేవి. ఇంకేముంది, కాలిపోయేది. రైతులే తలా ఇంత వేసుకుని దాన్ని ట్రాక్టర్లో రిపేరు షెడ్డుకు తీసుకుపోయేవాళ్లు. అది తిరిగొచ్చేసరికి పొలం నెర్రెలు బారేది.

ఒకరోజు ఓ పెద్దమ్మ సబ్‌స్టేషన్‌కే వచ్చింది. ఎండిపోయిన వరి దుబ్బును వేళ్లతో సహా పీక్కొచ్చి నా లాగ్‌బుక్ పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు నాకు తట్టిన మాట ఇది. మనం కొరతను మెగావాట్లలో లెక్కపెడతాం. మనిషికి అది గంటల్లో తగులుతుంది. ఎంత కరెంటు అన్నదానికంటే ఎప్పుడు అన్నదే పెద్ద ప్రశ్న.

హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నిజాం కాలపు థర్మల్ స్టేషన్ మొదలైంది. దాని సామర్థ్యం 22.5 మెగావాట్లు. 1995లో కూల్చేశారు. ఇప్పుడు అటువైపు జనం పాప్‌కార్న్ తింటూ సినిమా చూస్తున్నారు. 2024 వేసవిలో ఒక్క హైదరాబాద్ మహానగరం డిమాండే 4,000 మెగావాట్లు దాటింది. తెలంగాణ మొత్తం డిమాండ్ అదే ఏడాది మార్చిలో 15,600 దాటింది. మార్చిలోనే ఎందుకు? ఏసీలు గట్టిగా నడిచేది ఏప్రిల్, మే నెలల్లో కదా? మార్చిలో యాసంగి వరికి తడులు పెడతారు. రాష్ట్రంలో 27 లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లున్నాయి. ప్లాంట్లనూ ఊళ్లనూ కలిపే కరెంటు లైన్ల వల, అదే గ్రిడ్, దాన్ని ఇంకా పెద్దమ్మ పొలమే నడిపిస్తోంది.

వనరుల సంగతికొస్తే, మనకు బొగ్గుంది. ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైంది. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. రామగుండంలో ఒక్క ఎన్‌టీపీసీ స్టేషనే 2,600 మెగావాట్లది. కానీ బాయిలర్ స్విచ్ వేస్తే వెలిగే బల్బు కాదు, చల్లారితే మళ్లీ అందుకోవడానికి గంటలు పడుతుంది. గ్యాస్ కథ ఇంకా చేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ వస్తోందని రాజమండ్రి చుట్టుపక్కల ప్లాంట్లు కట్టారు. 2013 నాటికి ఆ గ్యాస్ తరిగిపోయింది, కొత్త టర్బైన్లు ఖాళీగా కూర్చున్నాయి. శ్రీలంకను చూడండి, 2022లో ఇంధనం కొనడానికి డాలర్లు లేక రోజుకు 13 గంటల దాకా కోతలు పెట్టారు. అక్కడ ప్లాంట్లున్నాయి, పొయ్యిలోకి వేయడానికే ఏమీ లేదు.

ఇంకో విచిత్రం. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కూలింది. రెండో రోజు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకట్లో ఉంది. మనకేమీ కాలేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాళ్లతో పూర్తిగా కలవలేదు. సంబరపడ్డాం. కానీ అక్కడ మిగులున్నా మనం తెచ్చుకోలేకపోయింది కూడా అందుకే. ఆ రోజుల్లోనే ఇక్కడ పరిశ్రమలకు పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు. జీడిమెట్లలో ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్డు నడిపినవాళ్లను అడగండి. కరెంటు పోతే బారెల్లో కరిగిన ప్లాస్టిక్ గడ్డకడుతుంది. పోయింది పది నిమిషాలే అయినా, దాన్ని మళ్లీ వేడిచేసి, కక్కించి, సరుకు దారికొచ్చేసరికి రెండు గంటలు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

ఇక సోలార్. రామగుండంలో 2022లో రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల పలకలు తేలించారు. సంతోషమే. కానీ సాయంత్రం ఆరున్నరకు సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. సరిగ్గా అప్పుడే మనం ఇంటికొచ్చి లైట్లు, టీవీ, ఏసీ అన్నీ వేస్తాం. పగటి కరెంటును దాచాలి. నాగార్జునసాగర్‌లో ఏడు టర్బైన్లు, శ్రీశైలం ఎడమ గట్టున ఆరు, కిందికి పోయిన నీళ్లను తిరిగి పైకి తోడగలవు. పగలు నాలుగు యూనిట్ల కరెంటు పెట్టి ఎక్కిస్తే, సాయంత్రం ఆ నీళ్లు దించినప్పుడు మూడు తిరిగొస్తాయి, అయినా లాభమే. ఆ ఎడమ గట్టు కేంద్రంలోనే 2020 ఆగస్టులో మంటలు చెలరేగి తొమ్మిది మంది పోయారు. నీటి కరెంటుకు పొగ ఉండదని తేలిగ్గా అనేటప్పుడు వాళ్లు గుర్తొస్తారు.

అంతకంటే చవగ్గా దాచుకునే చోటు ఇంకొకటుంది: పొలం. పగలు తోడిన నీళ్లు మడిలో ఉంటే, అది ఎండను దాచుకున్నట్టే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రిపూట టార్చిలైటు ప్రయాణం తప్పింది, ఆ మేలు నేను మర్చిపోను. కానీ నా ఉద్దేశంలో 24 గంటలు అక్కర్లేదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా, తొమ్మిది గంటలు, రెప్ప వేయకుండా ఇస్తే చాలు. ఈ మాట అన్నందుకు నాలుగెకరాల మా బామ్మర్ది నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయన భయం నాకు తెలుసు. ఒకసారి గంటలు తగ్గించడం మొదలుపెడితే అది తొమ్మిది దగ్గరే ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? నా లాగ్‌బుక్కులు చూస్తే నేనూ ఇవ్వలేను.

ఇప్పుడు టైమ్ ఆరు నలభై. ఈ హాల్లో ఫ్యాన్లు ఎండతో తిరగడం మానేసి పది నిమిషాలయింది, ఎక్కడో బొగ్గో నీళ్లో అందుకున్నాయి. ఇక ప్రశ్నలు అడగండి. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తే ఉంచింది.