పనసకాయకి కాళ్ళొచ్చిన కథ

వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. కంప్యూటర్‌లో కొత్త జంతువుని ఎలా పుట్టిస్తారో చెప్పమని నన్ను పిలిచారు. ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో నిలబడి ఆ ముక్క చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది, ఎందుకంటే ఈ పని మన చుట్టుపక్కల వందల ఏళ్ళుగా జరుగుతున్నదే.

నవగుంజర గురించి మీకు తెలిసే ఉంటుంది. 15వ శతాబ్దంలో సారళా దాసు ఒడియాలో రాసిన మహాభారతంలో వస్తుంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. మూడు కాళ్ళేమో ఏనుగుదొకటి, పులిదొకటి, గుర్రానిదొకటి (కొందరు జింకది అంటారు), నాలుగోది ఉండాల్సిన చోట మనిషి చెయ్యి, అందులో తామరపువ్వు. బాణం ఎక్కుపెట్టిన అర్జునుడు ఆ చేతిని చూసి, ఇది కృష్ణుడి రూపమేనని గుర్తుపట్టి ఆగిపోతాడు. ఇన్ని జంతువులు కలిస్తే కిచిడీ అయిపోవాలి కదా, కాలేదు. నేను చూసిన పటచిత్రాల్లో, అంటే గుడ్డ మీద వేసే మన పాతకాలం బొమ్మల్లో, మెడ దగ్గర మొదలైన గీత మూపురం ఎక్కి, నడుం దిగి, తోక దాకా ఎక్కడా తెగకుండా పోతుంది. నాకు అర్థమైందల్లా ఇదే: ఏ జంతువులు కలిపావన్నది కాదు, అతుకు ఎక్కడ వేశావన్నదే అసలు సంగతి.

నా జంతువు పేరు నీటి అలుగు. అలుగంటే చెరువు అలుగు కాదండీ, ఒంటినిండా పెంకులుండి, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుందే, అది. దానికి చిలికా సరస్సులో ఉండే ఇరావడీ డాల్ఫిన్ తల పెట్టాను. ఆ డాల్ఫినే ఎందుకంటే దానికి ముక్కులా పొడుచుకొచ్చిన మూతి లేదు, గుండ్రటి తల, పైగా చాలా డాల్ఫిన్లలా కాకుండా మెడ బాగా తిప్పగలదు, అక్కడ ఒక మడత కూడా కనిపిస్తుంది. నా అతుకు ఆ మడతలో పడింది. తల వైపు నున్నటి చర్మం, మడత దాటగానే చిన్న చిన్న పెంకులు, భుజం దగ్గరికొచ్చేసరికి పెద్దవి. ముందు కాళ్ళ గోళ్ళు లోపలికి మడిచి నడుస్తుంది, అది అలుగు నడకే, నేను కల్పించింది కాదు.

ఇక బొమ్మ వేయడం. కంప్యూటర్‌లో బొమ్మలు వేసే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, 2480 బై 3508 పిక్సెల్స్ పెట్టుకుంటే ఏ4 కాగితం మీద శుభ్రంగా ప్రింటవుతుంది. ముందు నల్లటి నీడబొమ్మలు ఓ ఇరవై గీసి, దూరం నుంచి చూసినా ఇది ఫలానా అని తెలిసేదాన్ని పట్టుకున్నాను. తర్వాత బూడిద రంగుల్లో వెలుగునీడలు. ఇంతవరకూ బాగానే ఉంది, ఆ తర్వాతే తెలివి తక్కువ పని చేశాను. మూడు రాత్రులు కూర్చుని ఒక్కో పెంకునీ విడివిడిగా, అన్నిటికీ ఒకే మెరుపు ఇచ్చి వేశాను. పొద్దున్నే టీ ఇవ్వడానికొచ్చిన మా అక్క స్క్రీన్ చూసి, "ఏటిరా ఇది, పనసకాయకి కాళ్ళొచ్చినాయి?" అంది.

కోపం వచ్చింది గానీ మాట నిజం. దారి ఎక్కడ దొరికిందంటే మన ఊళ్ళోనే, కొమ్ము బొమ్మలు చేసేచోట. సానపట్టిన కొమ్ము దువ్వెన ఒకటి కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. మందంగా ఉన్నచోట నల్లగా ఉంటుంది, పళ్ళ చివర పలచబడ్డచోట వెలుగు లోపల్నుంచి దూరి తేనె రంగు తేలుతుంది. కొమ్ముదీ అలుగు పెంకుదీ మన గోరుదీ ఒకటే సరుకు, కెరటిన్. అంతే, ఇంటికొచ్చి పెంకులు చాలామటుకు చెరిపేశాను. వీపు మీద వెలుగు తగిలే చోట ఓ ముప్పై పెంకులు మాత్రం వివరంగా, వాటి అంచులకి తేనె రంగు. పొట్ట వైపు నీడలో పెంకులున్నాయని అనిపిస్తే చాలు, నాలుగు గీతలతో వదిలేశాను. నీడలకి మల్టిప్లై లేయర్, అంటే కింది రంగుల్ని ముదురు చేసే పైపొర, అందులో నలుపు కాదు, కాస్త ఊదా కలిపిన నీలం. మధ్యమధ్యలో కీబోర్డు మీద ఎమ్ నొక్కితే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, అప్పుడు తల ఒకవైపు ఒరిగిపోయిందని టక్కున తెలిసిపోతుంది, నాకు రెండుసార్లు తెలిసింది.

తోక మాత్రం ఇప్పటికీ కుదరలేదు. ఈత కొట్టాలంటే వెడల్పుగా ఉండాలి, చుట్టుకోవాలంటే ఇంత వెడల్పు అడ్డం. మీకేమైనా తోస్తే చెప్పండి. ఆ లైటు ఒకసారి ఆపితే లేయర్లు ఒక్కోటీ తీసి చూపిస్తాను.