బ్లీడింగ్ కనిపించింది, ఇంజెక్షన్ ఆపేయాలా?

[కెమెరా ముందు]
నమస్తే అండీ, హైదరాబాద్ నుంచి. మా వదినకి మూడుసార్లు గర్భం నిలవలేదు, టెస్టుల్లో ఏపీఎస్ (యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్) అని తేలింది, అంటే రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువన్నమాట. అందుకే ఈసారి రక్తం గడ్డకట్టకుండా రోజూ ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్) మాత్ర, రాత్రి పొట్ట మీద ఎనోక్సాపరిన్ అనే హెపారిన్ రకం ఇంజెక్షన్. ఎనిమిదో వారంలో ఓ పొద్దున బాత్రూంలో గోధుమ రంగు మరక కనిపించింది. "ఆ సూది వల్లేనమ్మా, ఇంక వేసుకోకు" అంది మా అమ్మ. భయంతో ఎవరైనా అదే అంటారు.

[క్లోజప్: ఇంజెక్షన్ పెట్టె]
కానీ మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి, ఏ మందూ వాడకపోయినా, కాస్తో కూస్తో బ్లీడింగ్ అవుతుంది. గర్భసంచి లోపల చిన్న రక్తపు గడ్డ ఉండొచ్చు, గర్భం నిలవకపోతూ ఉండొచ్చు, ట్యూబులో గర్భం కావచ్చు. మందు మామూలుగా వీటిని పుట్టించదు, కానీ కారే రక్తాన్ని తొందరగా ఆగనివ్వదు. అందుకే స్కాన్ చేసి చూడాల్సిందే, ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

తర్వాతి ఇంజెక్షన్‌కి ముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మాట్లాడేదాకా ఆ డోసు వేసుకోకండి, అలాగని కోర్సు మొత్తం మీరే మానేయకండి. చివరి డోసు ఎప్పుడని అడుగుతారు. మా వదిన పెట్టె మూత మీద పెన్నుతో "రాత్రి 9" అని రాసి పెట్టుకుంది, కంగారులో అదే పనికొచ్చింది. స్కాన్‌లో గుండె కొట్టుకుంటోంది, పక్కన చిన్న గడ్డ ఉంది. డాక్టరే రెండు రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టారు.

బిడ్డకి ఏమవుతుందోనన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. హెపారిన్ రకం ఇంజెక్షన్లు మాయ దాటి బిడ్డకి చేరవు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర మాత్రం చేరుతుంది, 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకల ఎదుగుదల మీద ప్రభావం చూపొచ్చు. గుండె వాల్వ్ కోసం అది వాడుతున్నవాళ్లు నెల తప్పిన రోజే కార్డియాలజిస్ట్‌కి చెప్పాలి. ఎవరికీ చెప్పకుండా ఆపేస్తే వాల్వ్ మీదే గడ్డ కట్టొచ్చు, అది తల్లి ప్రాణానికే ప్రమాదం.

ఇంకో మాట. గర్భం పోయిన ప్రతి ఒక్కరికీ ఈ ఇంజెక్షన్ అక్కర్లేదు. ఏపీఎస్ వేరు, వారసత్వంగా వచ్చే గడ్డకట్టే లోపాలు వేరు. ఆ రెండో రకంలో పదే పదే గర్భం పోతున్నవాళ్లకి హెపారిన్ ఇచ్చినా బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదని 2023లో వచ్చిన అలైఫ్-2 (ALIFE2) అధ్యయనం చెప్పింది. "నాకెందుకు రాశారు డాక్టర్?" అని అడగండి, అది మీ హక్కు.

[స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో: 108]
గంటలో ప్యాడ్ తడిసిపోతున్నా, ఒక పక్కే పొట్టనొప్పి, భుజం పైన నొప్పి వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. కోఠీ, పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రులో, మీకు దగ్గర్లో ఉన్నదో, ఏదైనా సరే. బయల్దేరేటప్పుడు మందుల పెట్టె, పాత స్కాన్ రిపోర్టులు సంచిలో వేసుకోండి. బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే వెళ్లగానే ఆ మాట చెప్పండి, తర్వాతి గర్భాలకి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ కావాలంటే 72 గంటల్లోపు పడాలి.