ఆపిన బండిలో మేలుకొని ఉన్న తీగ

శ్రోతలకు నమస్కారం.

బండి ఆపారు. తాళం తీశారు. తలుపు లాక్ పడిందో లేదో ఒకసారి గుంజి చూసి, ఇంట్లోకి వచ్చి పడుకున్నారు. ఇంజిన్ చల్లారిపోయింది. ఇక తెల్లారేదాకా ఆ బండికి ఏమవుతుంది? ఏమీ కాదనే మనలో చాలామంది అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఇవాళ నన్ను రీకాల్ గురించి చెప్పమన్నారు. అమ్మేసిన బండ్లలో ప్రాణం మీదికి తెచ్చే లోపం ఉందని తేలితే, తయారుచేసిన కంపెనీయే వాటిని వెనక్కి పిలిచి, తన ఖర్చుతో బాగుచేసి ఇవ్వడం, అదే రీకాల్. చట్టాల సంగతి మొదలుపెడితే నాకిచ్చిన నిమిషాలు అక్కడే అయిపోతాయి. కాబట్టి ఒక్క కథ చెబుతాను. కథ అంటున్నాను గానీ జరిగినదే.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ కార్లు, పికప్ ట్రక్కులు కొన్ని, నిలిపి ఉంచినచోటే తగలబడ్డాయి. నడుస్తూ కాదు, గుద్దుకొని కాదు. ఇంజిన్ ఆపి, తాళం తీసి, షెడ్డులో పెట్టి గంటలు గడిచాక. షెడ్డు ఇంటికి ఆనుకొని ఉంటే ఇల్లు కూడా అంటుకునేది.

మంట ఎక్కడ పుట్టింది? ఇంజిన్ పక్కన, బ్రేకు నూనె ఉండే మాస్టర్ సిలిండర్ దగ్గర, బొటనవేలంత స్విచ్చు ఒకటి ఉంది. అక్కడ. ఆ స్విచ్చు పనేమిటో వింటే మీకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. క్రూయిజ్ కంట్రోల్ అని ఉంటుంది కదా, పొడుగాటి రోడ్డు మీద ఎక్సలరేటర్ నుంచి కాలు తీసేసినా బండి ఒకే వేగంతో పోయే ఏర్పాటు. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కితే అది తప్పనిసరిగా ఆగిపోవాలి. ఆగిపోయేలా చూడడానికి అదనపు జాగ్రత్తగా పెట్టిన స్విచ్చు ఇది. భద్రత కోసం పెట్టిందే నిప్పు పెట్టింది.

ఎలాగంటే, ఆ స్విచ్చుకు ఒక పక్క బ్రేకు నూనె, మరో పక్క కరెంటు. మధ్యలో సన్నని ప్లాస్టిక్ పొర. బ్రేకు తొక్కినప్పుడల్లా నూనె ఒత్తిడికి ఆ పొర కదులుతుంది. ఏళ్ల తరబడి, వేల సార్లు. ఒకనాటికి పొర చిట్లుతుంది. నూనె కొద్దికొద్దిగా అవతలికి ఊరుతుంది. అక్కడున్న రాగి, ఇత్తడి ముక్కలు తుప్పు పడతాయి. తుప్పూ నూనే కలిసిన ఆ తడిలోంచి కరెంటు మెల్లగా పారడం మొదలుపెడుతుంది. పారినచోట వేడి. వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. పక్కనే మండే నూనె.

సరే, బండి ఆపేశాం కదా, కరెంటు ఎక్కడిది? అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ స్విచ్చుకు తీగ తాళంతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే వస్తోంది. తాళం తీసినా ఆ తీగ మేలుకొనే ఉంది. మీరు పడుకున్నా ఆ తీగ మేలుకొనే ఉంది. ఇలా మేలుకొని ఉండే తీగలు ప్రతి బండిలోనూ కొన్ని ఉంటాయి. గడియారానికీ, అలారానికీ అవి కావాలి. క్రూయిజ్ కంట్రోల్‌కు మాత్రం నిలిపిన బండిలో కరెంటుతో పనేముంది? ఆ ప్రశ్న బండిలో తీగలు ఎలా పోవాలో గీత గీసే రోజునే ఎవరైనా అడిగి ఉండాల్సింది అని నాకనిపిస్తుంది.

మరి ఫ్యూజు ఉంటుంది కదా, అది పోవాలి కదా అని కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. ఫ్యూజు కాపాడేది తీగను. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పారితేనే అది పోతుంది. తుప్పులోంచి పారే కరెంటు అంత ఉండదు. ఒక లెక్క చెబుతాను. బ్యాటరీ 12 వోల్టులు. 5 ఆంపియర్లు పారుతున్నాయనుకోండి. గుణిస్తే 60 వాట్లు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు ఎప్పుడైనా ముట్టుకున్నారా? వెంటనే చెయ్యి వెనక్కి తీస్తాం. ఆ వేడంతా బొటనవేలంత ముక్కలో కూర్చుంటే ఏమవుతుంది? ఫ్యూజుకు మాత్రం 5 ఆంపియర్లంటే రోజూ పారేదే, పట్టించుకోదు. 12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని బండి కరెంటును మనం చులకనగా చూస్తాం. షాకు కొట్టదు, నిజమే. కాలుస్తుంది.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయించేవాళ్లున్నారు. ఫ్యూజుకు బదులు తీగముక్క దూర్చేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ తర్వాత ఫ్యూజు పని బండిలోని తీగే చేస్తుంది, కాలిపోయి.

మళ్లీ కథలోకి వద్దాం. మొదటి రీకాల్ 1999లో, కొన్ని మోడళ్ల కార్లకు. అంతటితో అయిపోయిందనుకున్నారు. అవలేదు. 2005లో మళ్లీ, ఈసారి లక్షల్లో పికప్ ట్రక్కులు. ఆ తర్వాత మళ్లీ. చివరికి 2009లో మరో 45 లక్షల బండ్లు. అన్నీ కలిపితే దాదాపు 1 కోటి 40 లక్షలు! ఫోర్డ్ చరిత్రలో అంత పెద్ద రీకాల్ అప్పటిదాకా లేదు. పదేళ్లపాటు, విడతలు విడతలుగా, ఒకే ఒక్క స్విచ్చు కోసం.

మరమ్మతు ఏమిటంటే, ఒక చిన్న తీగముక్క. దానికో చిన్న ఫ్యూజు, కొద్దిపాటి కరెంటుకే పోయేది. ఆ స్విచ్చుకు వచ్చే తీగకు మధ్యలో దీన్ని కలుపుతారు. తేడా వస్తే ముందు అది పోతుంది. సామాను దొరక్క ఆలస్యమైనప్పుడు స్విచ్చు కనెక్టరు ఊడదీసి పంపేవారు. క్రూయిజ్ కంట్రోల్ పనిచేయదు, బండి మాత్రం కాలదు.

ఇంజిన్ వైరింగ్ లోపాలన్నీ ఇలాగే ఉండవు. ఎక్కువగా వినబడేది రాపిడి. ఇంజిన్ మీదుగా పోయే తీగల కట్టను ఒక క్లిప్పు పట్టి ఉంచాలి. ఆ క్లిప్పు సరిగా పడకపోతే కట్ట జారి ఏదో ఇనుప అంచుకు ఆనుతుంది. ఇంజిన్ అదురుకు రోజూ కాస్త కాస్త ఒరుసుకొని, పైనున్న తొడుగు అరిగి, రాగి బయటపడుతుంది. బండి ఒళ్లంతా బ్యాటరీ నెగెటివ్‌కు కలిపే ఉంటుంది కనుక రాగి ఇనుముకు తగిలిన క్షణమే షార్ట్. అదృష్టం బాగుంటే ఫ్యూజు పోయి ఇంజిన్ ఆగుతుంది. లారీల మధ్య వేగంగా పోతుండగా ఆగితే దాన్ని అదృష్టం అనాలో లేదో మరి. దీని మరమ్మతు కూడా తరచు ఒక క్లిప్పూ, ఒక తొడుగూ, అంతే. ఇంత చిన్న పనికి పిలిచారా అని జనం పెదవి విరుస్తారు. పని చిన్నదే. దాన్ని చేయించుకోకపోతే వచ్చే ముప్పు చిన్నది కాదు.

నాకూ ఒకసారి రీకాల్ ఉత్తరం వచ్చింది. కవరు మీద కంపెనీ బొమ్మ చూసి, కొత్త బండి కొనమంటున్నారు కాబోలనుకొని పాత పత్రికల కింద పడేశాను. మూడు నెలలు అక్కడే ఉంది. ఆ మూడు నెలలూ బండి ఇంట్లోనే నిలిపాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాకైతే ఉత్తరమైనా వచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ల సంగతి? కంపెనీ దగ్గర పాత యజమాని చిరునామా ఉండిపోతే ఉత్తరం అక్కడికే పోతుంది. ఆయన బండి అమ్మేశాను కదా అని చించి పారేస్తాడు. బండి మీ దగ్గర, కబురు ఆయన దగ్గర. అందుకే మిగిలిన సమయంలో ఒక్క పని చెబుతాను, ఒక్కటే. ఉత్తరం కోసం చూడకండి. మీరే అడగండి. అడగడానికి కావలసింది ఛాసిస్ నంబర్, ఏ బండికి ఆ బండికే విడిగా ఉండే నంబరు. బండి పేరూ, కొన్న ఏడాదీ చెబితే చాలదు, ఒకే ఏడాది బండ్లలో కూడా కొన్నింటికే లోపం ఉండొచ్చు. నంబరు రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉంటుంది. చాలా కార్లలో ముందు అద్దం కింది మూలన కూడా కనిపిస్తుంది. అది చెప్పి, ఈ బండికి పెండింగులో రీకాల్ ఏమైనా ఉందా అని కంపెనీ సర్వీసు కేంద్రాన్ని అడగండి. ఉందంటే, బయట నిలపమన్నారా అని కూడా అడగండి. నిలపమంటే ఆ రాత్రి నుంచే ఇంటికి దూరంగా, ఆరుబయట నిలపండి.

నంబరు రాసుకునేటప్పుడు ఒక చిన్న మాట. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి. వాటిలో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అనే మూడక్షరాలు వాడరు, ఒకటితో, సున్నాతో పొరబడతారని. కాబట్టి మీకు ఓ లాగా కనిపించేది సున్నాయే. సున్నా అనే చెప్పండి.

నమస్కారం.