ఒకే ప్రశ్న, మూడు క్లాసులు: పీపీఈ డిగ్రీలో అసలేం చదువుతారు?

(స్క్రీన్ మీద: నీళ్ళు తగ్గి, అంచుల్లో పగుళ్ళు తేలిన రిజర్వాయర్)

ఒక ఊరనుకోండి. వానల్లేవు. రిజర్వాయర్‌లో నీళ్ళు సగానికి పడిపోయాయి. ఎప్పట్లాగే అందరికీ వదిలితే నెల తిరక్కుండా అడుగంటుతాయి. ఎవరికి ఎంత ఇవ్వాలి?

ఎకనామిక్స్ చదివినవాళ్ళు వెంటనే ఒక మాట చెప్తారు: ధర పెంచండి. ధర పెరిగితే కార్లు కడగడం ఆగుతుంది, కారుతున్న కుళాయిని బాగుచేయించుకుంటారు, వృథా తగ్గుతుంది. ఇది నిజం కూడా. కానీ డబ్బున్న ఇంట్లో ఆ ధర కట్టేసి తోట తడుపుతూనే ఉంటారు. డబ్బు లేని ఇంట్లో పిల్లల స్నానం మానిపిస్తారు. ఎక్కువ డబ్బు ఇవ్వగలిగినవాళ్ళకే ఎక్కువ అవసరం ఉన్నట్టా?

డిమాండ్, సప్లయ్ గీతలు ఎంతసేపు చూసినా దీనికి జవాబు దొరకదు. ఇక్కడ ఫిలాసఫీ మొదలవుతుంది. న్యాయం అంటే అందరికీ సమానంగా పంచడమా, అవసరాన్ని బట్టి పంచడమా? ఒక్కసారి డయాలసిస్ చేయడానికే వంద లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. ఆ సెంటర్‌కీ, ఇద్దరుండే ఇంటికీ ఒకే వాటా అంటే ఒప్పుకుంటారా?

సరే, ఏది న్యాయమో తేలిందనుకుందాం. ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ఎవరు అమలు చేయాలి? జనం ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ఇది పాలిటిక్స్.

(స్క్రీన్ మీద: పీ – ఫిలాసఫీ, పీ – పాలిటిక్స్, ఈ – ఎకనామిక్స్)

ఈ మూడూ కలిపి చదివే డిగ్రీనే పీపీఈ అంటారు. కరోనా రోజుల్లో విన్న పీపీఈ కిట్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1920లో మొదలైంది. అప్పటికి అక్కడ గ్రీకు, లాటిన్ గ్రంథాలు చదివే ‘గ్రేట్స్’ అనే కోర్సుకి గొప్ప పేరుంది. దానికి ఈ కాలపు జోడీగా వచ్చింది కాబట్టి దీన్ని ‘మోడర్న్ గ్రేట్స్’ అని పిలిచారు.

మూడు వేర్వేరు సబ్జెక్టుల్ని తెచ్చి ఒకచోట కట్టేశారని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. అవి మొదట్లో కలిసే ఉండేవి. ఎకనామిక్స్‌కి ఆద్యుడని చెప్పుకునే ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో పాఠాలు చెప్పింది నీతిశాస్త్రం. మనిషిలోని నైతిక భావాల మీద 1759లో పుస్తకం రాసిందీ, దేశాల సంపద మీద 1776లో రాసిందీ ఆయనే.

ఇప్పుడు మళ్ళీ మన రిజర్వాయర్ దగ్గరికి వద్దాం. నాకు ఈ చదువులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

(స్క్రీన్ మీద: బల్ల చుట్టూ ముగ్గురు సభ్యులు, ఒక్కొక్కరి ముందు ఒక చీటీ)

ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. దారులు మూడు: ధర పెంచడం, సమానంగా పంచడం, అవసరాన్ని బట్టి ఇవ్వడం. ఎవరికి ఏది ఎక్కువ ఇష్టమో వరసగా రాయమన్నారు.

మొదటి సభ్యురాలు: ధర, సమానం, అవసరం.
రెండో ఆయన: సమానం, అవసరం, ధర.
మూడో ఆమె: అవసరం, ధర, సమానం.

ఇప్పుడు రెండేసి దారులకు పోటీ పెడదాం. ధరా, సమానమా? మొదటావిడా, మూడో ఆవిడా ధర వైపే. రెండు ఓట్లతో ధర గెలిచింది. సమానమా, అవసరమా? మొదటి ఇద్దరూ సమానం అన్నారు. అంటే సమానం కంటే ధర మేలు, అవసరం కంటే సమానం మేలు. అలాంటప్పుడు అవసరం మీద ధర తేలిగ్గా గెలవాలి కదా? చీటీలు మళ్ళీ చూడండి. రెండో ఆయనా, మూడో ఆమే ధర కంటే అవసరాన్నే ముందు పెట్టారు. అవసరం గెలిచింది!

ముగ్గురిలో ఎవరూ తడబడలేదు. ఎవరి వరస వాళ్ళకి స్పష్టంగానే ఉంది. కలిపేసరికి మాత్రం గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతోంది. ఏ పోటీ ముందు పెట్టాలో నిర్ణయించే మనిషి చేతిలోనే ఫలితం ఉండిపోతుంది.

దీన్ని 1785లోనే కాండోర్సే అనే ఫ్రెంచి మేధావి చూపించాడు. 1951లో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో ఇంకో అడుగు ముందుకేశాడు. దారులు మూడో అంతకంటే ఎక్కువో ఉన్నప్పుడు, మనుషులు రాసిచ్చిన వరసల్ని కలిపి సమాజానికంతటికీ ఒక వరస తయారుచేసే ఏ పద్ధతైనా, చాలా మామూలుగా అనిపించే కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి నెరవేర్చలేదని లెక్క కట్టి నిరూపించాడు. మరి ఇది ఎకనామిక్సా, పాలిటిక్సా, ఫిలాసఫీయా? విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

(స్క్రీన్ మీద: లైబ్రరీ బల్ల, ఒక పక్క గ్రాఫులు, ఇంకో పక్క సగం రాసిన వ్యాసం)

చేరాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి ఏడాది మూడూ చదవాలి. తర్వాత మూడూ కొనసాగించొచ్చు, లేదా ఒకటి వదిలేసి రెండు చదవొచ్చు. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: ఎకనామిక్స్‌లో కాలిక్యులస్ తప్పదు, ఫిలాసఫీలో కూడా గుర్తులతో చేసే లాజిక్ ఉంటుంది. రాయడం బాగా ఎక్కువ.

ఈ డిగ్రీ చదివినవాళ్ళు బ్రిటన్‌లో చాలామంది ప్రధానులయ్యారు: హెరాల్డ్ విల్సన్, ఎడ్వర్డ్ హీత్, డేవిడ్ కామెరాన్, లిజ్ ట్రస్, రిషి సునాక్. పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో, ఇమ్రాన్ ఖాన్ కూడా. ఒకే చదువు నుంచి ఇంతమంది పాలకులు రావడం దేశానికి మంచిదేనా అని విమర్శ ఉంది. అన్నీ కొంచెం కొంచెం తెలిసి ఏదీ లోతుగా రాదనే విమర్శా ఉంది. రెండోది నాకు సబబుగానే అనిపిస్తుంది. పరిశోధన దాకా వెళ్ళాలనుకుంటే పై చదువుకి ఒక్క సబ్జెక్టే ఎంచుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు చాలా దేశాల్లో ఈ కోర్సు ఉంది. అప్లై చేసే ముందు సిలబస్ తెరిచి, మూడింటినీ కలిపి నడిపే పేపర్ ఒక్కటైనా ఉందేమో వెతకండి: పంపకంలో న్యాయం మీదో, ఓటింగ్ పద్ధతుల మీదో. అలాంటిది లేకపోతే ఒక క్లాసులో విన్నదాన్ని ఇంకో క్లాసులో మీరే లేచి అడగాల్సి ఉంటుంది.